బంగారు గనికి పోయిన మా ముత్తాత
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 మాకిచ్చిన పది నిమిషాల్లో మా ఇంటి సంగతే చెబుతాం. మాట్లాడేది ఒక్కరే అయినా వెతికింది ముగ్గురు అన్నదమ్ములం, మా మేనత్త కూతురూ కలిసి. అందుకే ‘మేం’ అంటున్నాం.

మాది నారాయణవనం పక్క. మా ముత్తాత పడమటికి, కోలారు బంగారు గనులకు పోయి మళ్లీ రాలేదు. ఇంట్లో ఆయన పేరెత్తితే మా జేజి ఊరుకునేది కాదు. “పెండ్లాన్ని, పాలుతాగే బిడ్డను, మగ్గం మీద అప్పును వదిలేసి బంగారానికి ఆశపడి పోయినోడు” అనేది. ఆ పాలుతాగే బిడ్డే మా తాత. మహాలయ అమావాస్యకు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు కూడా ఆయనకు పెట్టలేదు. చచ్చినాడో బతికినాడో తెలియనివాడికి ఎట్లా పెడతారు?

ఆరేళ్ల కిందట మా ఇంటి పిల్లకు కె.జి.ఎఫ్. రాబర్ట్‌సన్‌పేట నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ముందు ఇంగ్లీషు అక్షరం ఒక్కటే ఉంది. విడమరిచి చెప్పమంటే అది మా ఇంటిపేరే. గోత్రం అడిగితే అదీ మాదే. అన్నదమ్ముల వరస, సంబంధం కుదరదని అక్కడే ఆపేసినాం. కానీ మాకు తెలియని అన్నదమ్ములు అక్కడ ఎట్లా వచ్చినారు?

ఆ కాలం సంగతి కాస్త చెప్పాలి. 1876-78 కరువు మన మగ్గాలను కూల్చేసింది. తిండికే లేనప్పుడు బట్ట కొనేదెవరు? మరోపక్క 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లో పని మొదలుపెట్టింది. తర్వాత కొన్నేళ్లకు బంగారం బాగా పడింది. పుత్తూరులో రైలెక్కితే అరక్కోణం, జోలార్‌పేట మీదుగా బౌరింగుపేట, అంటే ఇప్పటి బంగారపేట. అక్కడినుంచి గనుల దాకా కొత్త రైలు కూడా 1894 నాటికి పడింది. గనిలోకి దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళితులు. వాళ్ల ఊపిరితిత్తుల మీదే ఆ బంగారం పైకి వచ్చింది. నేతవాడు వాళ్ల పక్కన నిలబడి రాయి కొట్టినాడంటే మనవాళ్లు పరువు తక్కువ అనుకున్నారు. మా ఇంట్లో ఆయన మాట దాచడానికి అదీ ఒక కారణమేమో అని మాకు అనుమానం. అనడానికి ఇప్పుడు మాకు సిగ్గుగానే ఉంది.

వెతకడంలో మొదట తప్పు దారి పట్టినాం. చిత్తూరు జిల్లా పాత కాగితాలు కావాలని తిరిగినాం. తీరా చూస్తే చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు మనది ఉత్తర ఆర్కాటు. మీలో ఎవరైనా వెతికేవాళ్లుంటే ఇది గుర్తు పెట్టుకోండి, మాకు ఏడాది దండగైంది. గని లెక్కల్లోనూ దొరకలేదు. అప్పట్లో కూలీల్ని చాలావరకు కాంట్రాక్టర్లు, మేస్త్రీలే పెట్టుకునేవాళ్లు. వాళ్ల చిట్టాలు ఎవరు దాచినారు? గనులే 2001 ఫిబ్రవరిలో మూతపడినాయి.

దొరికింది మా ఇంట్లోనే, జేజి ట్రంకు పెట్టె అడుగున. ఒక పాత ప్రోనోటు. మగ్గానికి, నూలుకు షావుకారు దగ్గర తీసుకున్న అప్పు. ముందువైపు చూసి చిన్నప్పుడే పక్కన పెట్టేసినాం. ఈసారి తిప్పి చూసినాం. వెనక నిండా చెల్లులు! మూడేళ్లలోగా చెల్లు వెయ్యకపోతే నోటుకు కాలదోషం పడుతుంది, అందుకని షావుకార్లు ముట్టినప్పుడల్లా తేదీ వేసి రాయిస్తారు. ఐదు రూపాయలు, మూడు రూపాయలు, ఒకసారి ఏడు. దాదాపు ప్రతిదాని పక్కనా ‘మారికుప్పం మనియార్డరు’ అని ఉంది. చివరి చెల్లు 1904లో. తీరిన నోటు కాబట్టి ఇంటికి తిరిగి వచ్చింది. మా ముత్తవ్వకు చదువు రాదు. పెట్టెలో పెట్టుకుంది, అంతే.

ఇక్కడే మాకు గొంతు పట్టుకున్న మాట ఒకటుంది. జేజి చెప్పేది: “మా అత్త పదేండ్లు నేసినా ఆ అప్పు తెగలేదు, వారం వారం కూలిలో పట్టుకునేవాడు” అని. ఆమె కూలిలో పట్టుకున్నది ఆ నోటు వెనక ఒక్క పైసా లేదు. ఆయన అక్కడ నుంచి పంపింది, ఈమె ఇక్కడ నేసింది. ఒకే అప్పును ఇద్దరూ తీర్చినారు. ఒకరు తీరుస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. మొగుడు పైసా పంపలేదనే ఆమె కన్నుమూసింది.

తర్వాత రాబర్ట్‌సన్‌పేటకు పోయినాం. ఆ ఇంటి పెద్దాయన, మాకు చిన్నాన్న వరస, మొదట సరిగా మాట్లాడలేదు. సంబంధం వద్దన్నవాళ్లం కదా. నోటు చూపించినాక లోపలికి పిలిచి అన్నం పెట్టినాడు. తమ తాత నారాయణవనం నుంచి వచ్చినాడని, అక్కడ ఇంకో పెండ్లి చేసుకున్నాడని ఆయనే చెప్పినాడు. ఊరికి పోదామంటే “అప్పు తీరనీ” అనేవాడట, తీరినాక “ఏం మొగంతో పోయేది” అనేవాడట. దగ్గుతోనే పోయినాడు. గని దుమ్ము. మంచం పట్టినాక కూడా తెగిన దారం కనబడితే వేళ్ల మధ్య తిప్పి ముడి వేసేవాడని చిన్నాన్న తన వేళ్లతో చూపించినాడు. మా నాయన కూడా అచ్చం అట్లాగే వేసేవాడు.

ఆయన చేసింది అంతా ఒప్పని మేం అనడం లేదు. రెండో పెండ్లి సంగతి మా మేనత్త కూతురు ఇప్పటికీ క్షమించలేదు, ఆ మాట ఇక్కడ చెప్పమని ఆమే అన్నది. అయినా పోయిన మహాలయ అమావాస్యకు రెండిళ్ల వాళ్లం నారాయణవనంలో కలిసి ఆయనకు పంచె, మా ముత్తవ్వకు చీర పెట్టినాం. చీర ముందు పెట్టినాం.

ఆ నోటు నకలు తెచ్చినాం, భోజనాల పందిట్లో బల్ల మీద ఉంటుంది. మీ ఇండ్లలో గనికి పోయినవాళ్లు ఉంటే ఇంటిపేరు, గోత్రం, ఊరు మా పుస్తకంలో రాయించండి. పాత నోట్లుంటే పారేయకండి, వెనక్కి తిప్పి చూడండి.