సైకిలుపై తీర్థయాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



తీర్థయాత్రకు వాహనము తగునా యను ప్రశ్న నేటిది కాదు. మత్స్యపురాణమందలి ప్రయాగ మాహాత్మ్యము దీనికి సూటిగనే సమాధానము చెప్పినది. ఐశ్వర్యముచేతగాని, లోభమోహములచేతగాని వాహనమెక్కి పోవువాని యాత్ర నిష్ఫలమట. ఎద్దునెక్కి పోవువానికి నరకము తప్పదని కూడ అందే కలదు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, పురాణకర్త కోపము చక్రములమీద కాదనియు, తన పుణ్యమునకై మరొక ప్రాణిచేత బరువు మోయించువానిమీద ననియు బోధపడును. సైకిలు గడ్డి తినదు, కొరడా దెబ్బ యెరుగదు. ఎక్కినవాని పిక్కలే దాని యెద్దులు.

మన భాషలో యాత్రాగ్రంథములకు తలమానికమైనది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. ఆయన 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. మజిలీ మజిలీకి బాట యెట్లున్నది, నీరు దొరకునా, అంగళ్లున్నవా యని వ్రాసికొనిరి. 1838లో ఆ గ్రంథము అచ్చయినది. అయితే వారు పోయినది పల్లకీలో. పురాణవాక్యమును కచ్చితముగా అన్వయించినచో ఆ యాత్రాఫలములో పెద్ద పాలు బోయీల ఖాతాకే జమ కట్టవలెను.

ఇట్టి లెక్కను నిజముగనే కట్టిన దేశము స్పెయిను. ఆ దేశపు వాయవ్యమూలన సాంటియాగో అను పట్టణము కలదు. క్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి అచ్చట నున్నదని క్రైస్తవుల విశ్వాసము. సుమారు వేయి సంవత్సరములకు పైగా జనులు అచటికి నడచి పోవుచున్నారు. ఫ్రాన్సు సరిహద్దున పిరనీసు పర్వతముల క్రింద మొదలగు ప్రసిద్ధమైన బాట పొడవు రమారమి 780 కిలోమీటర్లు. నడచువారికి నెల దాటును. సైకిలు వారికి రెండు వారములు చాలును. బాట తప్పకుండ రాళ్లమీద, గోడలమీద పసుపుపచ్చని బాణపు గుర్తులుండును. 1984 ప్రాంతమున ఎలియాస్ వాలిన్యా యను పల్లెటూరి ఫాదరీ వీటిని వేయుటకు పూనుకొనెను. ఒక మతాచార్యుడు రంగు డబ్బా పట్టుకొని రోడ్లవెంట తిరుగుట చిన్న సేవ కాదు.

యాత్రికుని చేతిలో ఒక చీటీ పుస్తకముండును. మజిలీ మజిలీకి దానిపై ముద్ర వేయించుకొనవలెను. కడపట యాత్రాపత్రము కావలెనన్నచో నడచినవాడు చివరి 100 కిలోమీటర్లైన నడచియుండవలెను, సైకిలువాడు చివరి 200 కిలోమీటర్లైన తొక్కియుండవలెను. అనగా రెండు మైళ్ల సైకిలుకు ఒక మైలు నడక. పుణ్యమును మైళ్లలో కొలుచుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును గాని, పట్టీలు వ్రాయువారికి ఇది ధర్మమైన మారకముగనే కనబడును. 2024లో నాలుగు లక్షల తొంబది వేలకు మించి పత్రము లిచ్చిరి; నూటికి తొంబదిమందికి పైగా నడచినవారే. పెక్కు ధర్మసత్రములలో నడచినవారికి చోటు చూపిన పిమ్మటనే సైకిలువారికి పిలుపు. చెమట ఇరువురికిని ఒక్కటే కదా యని వాదింపవచ్చును. కాని సైకిలువాడు నాలుగూళ్లు దాటిపోవు వేళకు నడచువాడు ఒక యూరి బావికడ నీరు త్రాగి, పేరు చెప్పి, మాటాడి పోవును. ఆ తేడాకు పరిహారముగ సాయంకాలము గుమ్మమున కొంచెము సేపు వేచియుండుట అన్యాయము కాదు.

మరి భక్తికి గాక సెలవులలో సరదాకు పోవువారి మాట యేమి? వారును అచటికి విరివిగా వచ్చుచున్నారు. అచటి ఆలయము వారిని తరిమివేయదు. భక్తులకు, అన్వేషకులకు ఒక పత్రము, కేవల విహారులకు వేరొక పత్రము ఇచ్చి పంపును. ఇచట మన పెద్దలు మాత్రము కుర్రవాండ్రు సైకిళ్లు తీసిన చాలును, దేవుని పేరు చెప్పి షికారు పోవుచున్నారని మందలింతురు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో షికారు లేదా? ఆ పెద్దలే మిఠాయి పొట్లములతో తిరిగి రాలేదా?

త్రిపురారము యువకులకు బాట చేతికందునంత దూరముననే కలదు. మిర్యాలగూడ మీదుగా వాడపల్లి చేరిన, మూసీ కృష్ణలో కలియు చోట అగస్త్యేశ్వరుడు, నరసింహస్వామి ఇరువురును దర్శనమిత్తురు. మరలివచ్చి నేరేడుచర్ల, హుజూర్‌నగరుల మీదుగా కృష్ణ యొడ్డున మట్టపల్లి నరసింహస్వామిని చూడవచ్చును. అటు పిమ్మట మేళ్లచెరువు శంభులింగేశ్వరుడు, కోదాడ, సూర్యాపేట. తొందర లేనివారు అయిదారు దినములలో ఇల్లు చేరుదురు. పంపు, అతుకు సామాను, గొంగడి, త్రాగునీరు వెంట నుంచుకొనవలెను. సిమెంటు కర్మాగారముల లారీలు తిరుగు రోడ్లపై ఒకరి వెనుక నొకరు పోవలెనే గాని జంటగా మాటలాడుకొనుచు పోరాదు.

కోదాడ మొదలు సూర్యాపేట వరకు పెద్ద రహదారి. అచట వాహనముల వేగము మితిమీరినది గనుక తెల్లవారగనే బయలుదేరి, మధ్యాహ్నము సూర్యాపేటలో విశ్రమించి, చల్లబడిన పిమ్మట ప్రక్కనే యున్న పిల్లలమర్రికి పోవుట మేలు. శృంగార శాకుంతలము రచించిన పినవీరభద్రుని ఇంటిపేరు ఈ యూరిదే. అచటి కాకతీయుల కాలపు గుడులకడ శాసనములు కలవు. ప్రొద్దు వాలినప్పుడు ఏటవాలు వెలుగు రాతిమీద పడి, అరిగిన అక్షరములు సైతము నీడ తేలి చదువుటకు వీలగును.