కన్నీళ్లు ఆరకముందే రాసిన చట్టం

 

ఈరోజు పట్టాలందుకుంటున్న మీలో కొందరు రేపు పత్రికల్లో రాస్తారు, కొందరు కోర్టుల్లో వాదిస్తారు, కొందరు చట్టాలు చేసేవారి పక్కన కూర్చుంటారు. అందుకే మీకు ఒక మరణం గురించి చెప్పాలనిపించింది.

1986 జూన్ 17న అమెరికాలో లెన్ బయస్ అనే 22 ఏళ్ల బాస్కెట్‌బాల్ ఆటగాణ్ని బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఎంచుకుంది. రెండు రోజులకే కొకైన్ అతని ప్రాణం తీసింది. ఆ ఇంట్లో ఏడుపు ఆగకముందే అతని పేరు వాషింగ్టన్‌లో నినాదమైంది. అతన్ని చంపింది ‘క్రాక్’ అనే రకం కొకైన్ అన్న ప్రచారం ఊరూరా పాకింది. అతను పీల్చింది పొడి కొకైన్ అని తర్వాత తేలింది. కానీ ఎన్నికల ఏడాది అది. ఆగి అడిగే ఓపిక ఏ పార్టీకీ లేదు. అక్టోబర్ 27న అధ్యక్షుడు రీగన్ సంతకంతో మత్తుమందుల చట్టం వచ్చేసింది.

ఆ చట్టం కింద 5 గ్రాముల క్రాక్ అమ్మినవాడికి కనీసం అయిదేళ్ల జైలు పడేది. పొడి కొకైన్‌కు అదే శిక్ష పడాలంటే 500 గ్రాములుండాల్సి వచ్చేది. క్రాక్ అంటే వంటసోడా కలిపి ఉడికించిన అదే కొకైన్! ఆ శిక్షలు ఎక్కువగా పడింది నల్లజాతి యువకుల మీద. బయస్ కూడా నల్లజాతి బిడ్డే. ఆ వందరెట్ల తేడాను 18 రెట్లకు దించడానికి 24 ఏళ్లు పట్టింది, 2010 దాకా.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. ఒకరి చావు పేరుతో ఉద్యమించేవారంతా అలాంటివారని నేననను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాట్లాడితే చేతులు కట్టుకుని వినాలి. అయితే ఉద్యమ సంఘాలు తమకు పనికొచ్చే దుఃఖాన్నే ఏరుకుంటాయి. కఠిన శిక్షలు కోరేవారు అమాయకుడైన మృతుణ్ని చూపిస్తారు. శిక్షలు తగ్గించమనేవారు అమాయకుడైన ఖైదీని చూపిస్తారు. ఎవరి వాదానికీ అక్కరకు రాని చావులను మాత్రం ఎవరూ తలవరు.

కాబట్టి ఒక చావును చూపి ఎవరైనా చట్టం కోరితే అడగండి. ఏ పదార్థం చంపింది? శవపరీక్ష ఏం చెప్పింది? ఇలాంటి మరణాలెన్ని? ఇప్పుడు కోరుతున్న చట్టం ఆనాడే ఉంటే ఆ ప్రాణం దక్కేదా?

పోయినవారికి మనం చేయగల మొదటి మర్యాద, వారు ఎలా పోయారో ఉన్నదున్నట్టు చెప్పడం. మీరు కలం పట్టినా, నల్లకోటు వేసుకున్నా ఆ మర్యాద తప్పకండి.