గేటు మూసిన నిమిషములు

కాజీపేట నుండి బల్హార్షా వరకు గల రైలుమార్గము 1929లో పూర్తియైనది. ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లిల మీదుగా సాగు ఈ మార్గమున సింగరేణి బొగ్గు తరలిపోవుచున్నది. ఒక్కొక్క బొగ్గుబండికి 58 పెట్టెల వరకు ఉండును. పొడవు అర కిలోమీటరుకు పైమాటయే. అట్టిది సిగ్నలు పడక బాటకు అడ్డముగా నిలిచినచో ఊరు రెండు ముక్కలగును. ప్రసవవేదన పడు తల్లి ఒకవైపునను, వైద్యశాల మరొకవైపునను ఉండిపోవచ్చును.

ఇందుకు శిక్ష లేదా? ఉన్నది. 1989 నాటి రైల్వే చట్టము 176వ సెక్షను ప్రకారము, అనవసరముగా బండిని బాటపై నిలిపిన, లేక గేటును మూసియుంచిన రైల్వే ఉద్యోగికి 100 రూపాయల వరకు జరిమానా. 1890 నాటి చట్టమున ఇది 20 రూపాయలు. మూసిన గేటును తెరచిన బాటసారికి మాత్రము 160వ సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు చెరసాల. ప్రాణరక్షణకై ఆ కాఠిన్యము తగినదే. కాని త్రాసు ఇంతగా ఒకవైపే మొగ్గుట తగదు.

పైగా ఈ జరిమానా పడునది చిరుద్యోగిపై. సిగ్నలుతో ముడిపడిన గేటును బండి దాటనిదే గేటుమాను తెరువజాలడు. బండి నడుపువాడు ఎర్రదీపమును దాటి పోరాదు. దోషము వ్యక్తిది కాదు, ఏర్పాటుది.

మరి సంస్థకే జరిమానా వేసినచో? అమెరికాలోని ఒహాయో రాష్ట్రము, 5 నిమిషములకు మించి బాట నడ్డగించిన రైలు కంపెనీలకు జరిమానా విధించు శాసనము చేసినది. రైళ్ల నడక కేంద్రశాసనముల పరిధిలోనిదని 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని చెల్లదనెను. మనయెడ చిక్కు వేరు. నిజాము కాలపు రైలు కంపెనీని 1930లో ఆ ప్రభుత్వమే కొనివేసినది. నేడు రైల్వే ప్రజలదే. దానిపై జరిమానా వేయుట ఈ చేతి సొమ్మును ఆ చేతికి మార్చుటయే.

కావున మేము కోరునది జరిమానా కాదు, లెక్క. దినమునకు గేటు దాటు రైళ్ల సంఖ్యను వాహనముల సంఖ్యతో గుణింపగా లక్ష తేలినచోట వంతెన కట్టవలెననియు, ఖర్చు రైల్వేకు, రాష్ట్రమునకు చెరిసగమనియు చిరకాలముగా వచ్చుచున్న కొలత. అందు గేటు మూసియున్న నిమిషములకు చోటు లేదు. ఆ నిమిషములను ప్రతిదినము వ్రాసి, నెలకొకమారు స్టేషనులో ప్రజలు చూచునట్లు ప్రకటింపవలెను. అవి మితిమీరిన చోట, వాహనముల లెక్క చాలకున్నను, క్రిందిదారియో పైవంతెనయో కట్టవలెను. నూరు రూపాయల జరిమానా కంటె ఆ పట్టికయే అధికారులను ఎక్కువగా కదల్చునని మా నమ్మకము.