కొరియా కథలు, మన పిలుపులు

ఒక పనిని సంవత్సరము పొడుగునను చేసినవాడు, దానివలన తనకు మిగిలిన దేమి యని యొకమాఱు లెక్క చూచుకొనుట మంచిది. గడచిన సంవత్సరమంతయు నేను రాత్రి భోజనమైన పిమ్మట గంటసేపు కొరియా దేశపు టెలివిజను నాటకములను చూచితిని. నాకు తోడు మా మనుమరాలు. ఆమెకు 18 ఏండ్లు, నాకు 72. ముప్పదియేండ్లు బడిపిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పినవాడ నగుటచే, కన్నులు కథను చూచుచున్నను నా చెవులు మాటలవెంటనే పోవును. ఆ చెవులకు దొరికినదానిని నేడు శ్రోతలతో పంచుకొందును.

ముందుగా ఈ నాటకముల స్వరూపము చెప్పవలెను. ఇవి సాధారణముగా 16 భాగములు. భాగ మొక గంట, ఒక్కొక్కప్పు డంతకంటె నెక్కువ. దక్షిణ కొరియాలో వారమునకు రెండు భాగములు, వరుసగా రెండు రాత్రులు, ప్రసారమగుట చిరకాలపు వాడుక. కావున రెండు నెలలలో కథ కంచికి పోవును. మన ధారావాహికలలో అత్తగారు కోడలివైపు తిరిగి చూచుటకే యొక వారము పట్టును. అక్కడ నా వ్యవధిలో నొక ప్రేమ పుట్టి, తగవులో పడి, సగము సమాధానపడును. 2002లో వచ్చిన ‘వింటర్ సొనాట’ జపాను దేశమును ముంచెత్తినది. 2003లో మొదలైన ‘దే జాంగ్ గమ్’, రాజభవనపు వంటశాలలో చేరి తుదకు రాజునకే వైద్యము చేసిన స్త్రీ కథ, 54 భాగములు నడచి అనేక దేశములు తిరిగినది. మన దేశమున వీనికి ముందుగా తలుపు తీసినవానిలో మణిపురము ముఖ్యమైనది. 2000 సంవత్సరమున అక్కడి తీవ్రవాదులు హిందీ చిత్రములను నిషేధింపగా, ఆ ఖాళీలోనికి ‘ఆరిరాంగ్’ అను కొరియా ఛానలు వచ్చి చేరినది. 2021లో ‘స్క్విడ్ గేమ్’ వెలువడిన పిమ్మట తెలుగు ఇండ్లలోను ఈ మాట వినని యువకులు అరుదైరి.

వీనిలో దోషములు లేవని నే ననను. నాయకుడు కోటీశ్వరుని కొడు కగుట, నాయిక పేదరాలగుట, తగిన సమయమున నొక లారీ వచ్చి ఢీకొనుట, దానితో జ్ఞాపకశక్తి నశించుట, వాన కురియుట, ఒకే గొడుగు దొరకుట — ఇవి మన సినిమాలలో చూచి చూచి విసిగినవే. చక్కని దుఃఖఘట్టమున నెవరో యొక కాఫీ దుకాణపు పేరు కనబడునట్లు గిన్నె పట్టుకొని యేడ్చుచుందురు. ఐనను మంచి నాటకములు కొన్ని యున్నవి. వానిని మంచివానినిగా చేయు గుణములలో నొకటి ఇంగ్లీషువారికంటె మనకు సులభముగా పట్టుబడును. అది పిలుపు.

నాటకము నడచుచుండగా తెర యడుగున ఇంగ్లీషు వాక్యములు నడచును. మేము వానిని చదువుచు కథ తెలిసికొంటిమి. కొన్ని వారములైన పిమ్మట, చెవిలో పడు మాటకును కంట పడు మాటకును పొంతన లేకుండుట నాకు తెలియజొచ్చెను. పాత్ర నోట ‘ఒప్పా’ అని వినబడును. అడుగున నొక మనుష్యుని పేరుండును. ‘ఇమో’ అని వినబడును. అడుగున ‘ఆంట్’ అని యుండును. ‘గోమో’ అని వినబడినను అదే ‘ఆంట్’. కొరియా భాషలో ‘ఇమో’ తల్లి తోబుట్టువు, ‘గోమో’ తండ్రి తోబుట్టువు. మనకు పిన్ని వేఱు, మేనత్త వేఱు గదా! ఇంగ్లీషు వాక్యము ఆ రెండు వాకిళ్లకును ఒకే తలుపు బిగించినది.

అన్నను తమ్ముడు పిలుచు మాట ‘హ్యంగ్’. చెల్లెలు పిలుచు మాట ‘ఒప్పా’. అక్కను తమ్ముడు ‘నూనా’ అనును. చెల్లెలు ‘అన్నీ’ అనును. అనగా పిలుపు వినినంతనే పిలిచినది ఆడో మగో తెలియును. మనకీ భేదము లేదు. వారికి తమ్ముడును చెల్లెలును కలిపి ‘తోంగ్‌సెంగ్’ అను నొకే మాట గలదు. అక్కడ మనమే వివరముగా నున్నాము. ఆ ‘ఒప్పా’ అను మాటనే యువతి తాను ప్రేమించిన వానికిని వాడును. ఇక్కడ తెలుగు అనువాదకునకు పరీక్ష వచ్చును. ‘అన్నా’ అని వ్రాసినచో కథ చెడును. ‘బావా’ అనినచో చనువు దక్కును గాని, వారిలో మేనరికము లేదు; బావ అను మాట వెనుక మనకున్న చుట్టరికపు హక్కు వారి కథలో నుండదు. ఒక్క పిలుపులో రెండు సంఘముల కట్టుబాట్లు తారసపడుచున్నవి.

‘అమ్మ’ను వారు ‘అమ్మా’ యనుటకు దగ్గఱగానే పలుకుదురు, తండ్రి ‘అప్పా’. కర్త, కర్మ, క్రియ అను వాక్యక్రమముకూడ మనదే. ఇది చూచి రెండు భాషలు నొక తల్లి బిడ్డలే యని సంబరపడువారు గలరు. సియోలు నగరమున పనిచేసిన హల్‌బర్ట్ అను అమెరికా దేశీయుడు 1905లోనే కొరియా భాషను ద్రావిడభాషలతో పోల్చి గ్రంథము వ్రాసినాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికము నంగీకరింపరు. పసిపిల్లల నోట పుట్టు ‘అమ్మ’ వంటి మాటలు లోకమున చాల భాషలలో నిట్లే యుండును. చుట్టరికము లేకున్నను, అలవాట్లు కలిసిన పొరుగువారివలె మనము వారి మాట నర్థము చేసికొనగలము. నాకు కావలసినది అంతవఱకే.

‘మిసెంగ్’ అను నాటకము 2014లో వచ్చినది. జాంగ్ గురే అను కుఱ్ఱవాడు చిన్ననాటినుండి ‘బాదూక్’ అను పలక యాట నేర్చి, అందులో వృత్తిక్రీడాకారుడు కాలేక, ఒక వర్తక సంస్థలో చేరును. చదువు లేదు, అనుభవము లేదు, ఎవరికిని కావలసినవాడు కాడు. అన్యాయముగా నొకనాడు తిట్లు తినును. ఆ రాత్రి పై యధికారి ఓ సాంగ్‌సిక్ త్రాగిన మత్తులో మఱియొక శాఖవానితో తగవు పెట్టుకొని, మీ పిల్లవాని తప్పునకు మా పిల్లవాడు తిట్లు తినెనని కేకలు వేయును. ఆ ‘మా’ అను నొక్క యక్షరము విని గురే కన్నులు చెమర్చును. కొరియావారు ‘ఊరీ’ యందురు: మా అమ్మ, మా యిల్లు, మా ఊరు. ఇంగ్లీషువాడు ‘నా తల్లి’ యనును. తెలుగువాడు ఒక్కగానొక్క కొడుకైనను ‘నా అమ్మ’ యనడు, ‘మా అమ్మ’ యనును. అందుచేత “మీవాడు చేసినదానికి మావాడు తిట్లు తిన్నాడు” అని తెలుగులో చెప్పినంతనే, ఆ పిల్లవాని కేమి దొరికినదో మనకు వ్యాఖ్యానము లేకయే తెలియును. వానికి ఉద్యోగము దొరకలేదు. ‘మావాడు’ అను పదవి దొరికినది.

‘రిప్లై 1988’ అను నాటకము 2015లో మొదలై 2016లో ముగిసినది. 1988 ఒలింపిక్ క్రీడల నాటి సియోలులో నొక సందు, అందులో నైదు కుటుంబములు. అక్కడి తల్లిదండ్రులు ఒకరి నొకరు పేరు పెట్టి పిలువరు. ‘సొన్‌వూ తల్లి’, ‘తెక్ తండ్రి’ అని పిల్లల పేర్లతో పిలుతురు. ‘మా పిల్లల తండ్రి’ యని భర్తను చెప్పిన మన పెద్దమ్మలు నాకు జ్ఞాపకము వచ్చిరి. దొక్‌సున్ అను నడిమి పిల్ల ఆ కథకు ప్రాణము. క్రీడోత్సవమున మడగాస్కరు దేశపు పేరుపలక పట్టుకొని నడచుటకు నెలలు అభ్యాసము చేయును. తీరా ఆ దేశము రాకుండ పోవును. తుదకు ఉగాండా పలక చేతికి వచ్చును. ఇంటిలో నామె పుట్టినరోజు అక్క పుట్టినరోజుతో కలిపి జరుగును. వేయించిన గ్రుడ్డు అక్కకును తమ్మునికిని చాలి యామెకు చాలదు. ఒకనాడామె బిగ్గఱగా నేడ్చిన తరువాత, తండ్రి సందు మొగలో ఒక కేకు పట్టుకొని నిలిచి, తండ్రియగుట తనకును ఇదే మొదటిసారి యని క్షమాపణ చెప్పును. పెద్దవాడు చిన్నవారిని మన్నింపు మని యడుగుట కొరియాలోను తఱచు గాదు, మన యిండ్లలోను తఱచు గాదు. మా మనుమరాలు ఆ ఘట్టమును రెండుసారులు వెనుకకు త్రిప్పి చూచినది. నేనేమియు ననలేదు.

2018లోని ‘మై మిస్టర్’ మఱియొక రకము. దోంగ్‌హూన్ కట్టడముల బలమును పరీక్షించు ఇంజనీరు, నడివయస్కుడు. జీఆన్ అను పేదపిల్ల, చెవిటి మూగ అవ్వను సాకుచు, అదే కార్యాలయమున తాత్కాలికపు పని చేయుచుండును. డబ్బు కొఱకు వాని టెలిఫోను ద్వారా వాని మాటలను దొంగతనముగా వినును. ద్రోహము చేయుటకు వినుచున్నదే, వినగా వినగా వాని మంచితన మెఱుగును. రేడియో వినువారికి ఈ కథ వేఱుగ చెప్పనక్కఱలేదు. కంటికి కానరాని మనుష్యుని గొంతు మనకు చుట్టమగుట మన మెఱిగినదే. వారు ప్రేమికులు కారు, బంధువులు కారు. ఆ పేరులేని సంబంధమునకు కొరియా పేరులో నున్న మాట ‘ఆజస్సీ’. వీథిలో కనబడు నెఱుగని పెద్దమనుష్యుని ‘బాబాయిగారూ’ అని మన మందుము గదా, దాదాపు అదియే. ‘మిస్టర్’ అనునది చొక్కాకు వ్రేలాడదీసిన చీటీ మాత్రమే.

ఇక రెండవ వైపు చెప్పవలెను. ఈ పిలుపులన్నియు తేనెలో ముంచినవే యనరాదు. కొరియా భాషలో గౌరవరూపము క్రియ చివర నుండును. మన ‘రా’, ‘రండి’ వలెనే. చిన్నవాడు గౌరవముతో మాటాడవలెను, పెద్దవాడు ఏకవచనముతో కొట్టివేయవచ్చును. ‘మిసెంగ్’లోనే ఆన్ యంగ్‌యీ అను ప్రజ్ఞావతి యగు యువతిని, ఆ శాఖలోని పైవారు ఇదే యధికారముతో నలిపివేయుట చూచితిని. ఆమె యెంత యవమానపడినను వాక్యము చివర ‘అండి’ తప్పనిసరి. అక్కడ తారతమ్యమునకు వయస్సును హోదాయును ముఖ్యము. మన దేశమున మనము అంతటితో నాగలేదు. కులము చూచి, కట్టిన గుడ్డ చూచి, తాతవయసువానిని పదేండ్ల పిల్లవాడు ‘ఏరా’ యనిన దినములు నా కన్నుల చూచితిని. అవి పూర్తిగా పోయినవని చెప్పజాలను. కావున పిలుపులను కాపాడుకొందమని నే ననునపుడు, ఆ ‘ఏరా’ను కాపాడుడని నా యభిప్రాయము కాదు.

కొరియావారిలో నొక మంచి యాచారము గలదు. చనువు పెరిగినపుడు గౌరవరూపములను విడిచి మాటాడుకొందమా యని యడుగుదురు. దానికి వారి పలుకుబడి ‘మాటను దించివేయుట’. మోసిన బరువును ఇద్దఱును కలిసి దింపుకొన్నట్లుండును. ‘నన్ను మీరనకండి, నువ్వనండి’ అని మన మనుటయు నిట్టిదే. గౌరవము ముందు ఇచ్చి, పిదప ప్రేమచే దించుకొనుట యొప్పు; మొదలే ఇయ్యకుండుట యొప్పు గాదు.

2025లో వచ్చిన యొక నాటకము జేజూ ద్వీపమున సముద్రములో మునిగి ప్రాణులను పట్టి జీవించు తల్లి, కవయిత్రి కాగోరిన యామె కూఁతురు, వారి తరువాతి తరముల కథ. ఇంగ్లీషులో దానికి నిమ్మపండ్ల సామెత నొకదానిని నారింజపండ్లతో మార్చి పేరుగ పెట్టినారు. అసలు పేరు జేజూ మాండలికమున నున్నది. ‘ఎంతో శ్రమపడితిరి’ అని దాని భావము. “ఎంత కష్టపడ్డావమ్మా” అని మన యవ్వలు కోడలి తల నిమిరి యనెడి మాట యది. అట్లే ‘అన్నము తింటివా?’ యనునది వారికిని కుశలప్రశ్న. వారి ‘బాప్’ అను మాటకు మన ‘అన్నము’ వలెనే వండిన బియ్యమనియు, భోజనమనియు రెండర్థములు.

ఇంతయు చెప్పి మా యింటి సంగతి చెప్పకుండుట న్యాయము గాదు. మా మనుమరాలు ‘ఒప్పా’కును ‘హ్యంగ్’కును భేదము తడబడక చెప్పును. ఆమెయే తన మేనమామను, పినతండ్రిని, పక్కయింటివారిని, పాలవానిని — అందఱను ‘అంకుల్’ అనును. ఒకరాత్రి ‘ఇమో’కు తెలుగేమని నన్నడిగి, చెప్పగా విని, “అయితే మనకూ ఉన్నాయన్నమాట” అనెను. ఆ ‘ఉన్నాయి’లో నాకు సంతోషమును, సిగ్గును సమముగా కలిగినవి. మాట నిఘంటువులో నుండుట వేఱు, నోట నుండుట వేఱు. నోటినుండి జారిన పిలుపు, దానివెంట నున్న బాధ్యతను కూడ తీసికొని పోవును. మేనమామ యనిన పెండ్లిలో బుట్ట యెత్తవలసినవాడు. అంకులునకు ఆ పని లేదు.

ఈ నాటకములలో కొన్నిటికి ఇప్పుడు తెలుగు గొంతులు కూర్చుచున్నారు. ఆ పని చేయువారికి నా మనవి యొక్కటే: ఇంగ్లీషు వాక్యమును మాత్రమే నమ్మకుడు; పాత్ర నోటి పిలుపును చెవియొగ్గి వినుడు. ఇంగ్లీషువాడు చేయలేని పని మీరు చేయగలరు. వినువారికిని నా మనవి యొక్కటే: దూరదేశపు చుట్టరికములను నేర్చిన నాలుకతో, ఇంటిలోని వారిని వారి వరుసతో పిలువుడు. పాలు తెచ్చువానికిని, వీథి యూడ్చు నామెకును ‘గారు’ చేర్చుడు. ఆ రెండక్షరములకు ఖర్చు లేదు.