ఇంజన్ కడిగాక ముల్లు తప్పు చూపితే

మర్రిగూడ చుట్టుపక్కల మట్టిదారుల్లో తిరిగే కారు బానెట్ ఎత్తితే దుమ్ము అట్టకట్టి కనిపిస్తుంది. బోరు పైపు పెట్టి కడగాలనిపించడం సహజమే. మరునాడు చూస్తే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోతుంది, లేదా అసలు లేవనే లేవదు.

చాలాసార్లు తప్పు ఇంజన్‌ది కాదు, కనెక్టర్‌ది. ఇంజన్‌కు బిగించిన సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలనే ముల్లు వేడిగా చూపిస్తుంది. కనెక్టర్‌లో నీరు చేరి కరెంటు పక్కదారిన బాడీకి పోతే, చల్లని ఇంజన్ కూడా మీటరులో కాగిపోతున్నట్టే ఉంటుంది. వైరు ఊడినా, పిన్నుకు చిలుము పట్టినా ముల్లు కిందే ఉండిపోతుంది. రెండు మూడు ముళ్లు ఒకేసారి తప్పు చూపితే ముందు ఎర్త్ వైరు చూడండి.

ఫ్లోరైడ్‌తో దశాబ్దాలుగా నలిగిన మండలం మనది. మన బోరు నీళ్లలో ఆ ఫ్లోరైడే కాదు, ఇంకా ఎన్నో లవణాలుంటాయి. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది, పైగా ఆరాక పిన్నుల మీద తెల్లపొర మిగులుతుంది.

అందుకే నేను పైపు వద్దంటాను. ఇంజన్ చల్లారాక, బ్యాటరీ మైనస్ వైరు తీసి, తడిగుడ్డతో తుడవండి. ఇప్పటికే తడిసిందా, కనెక్టర్లు విప్పి గాలి కొట్టించి, కాంటాక్ట్ క్లీనర్ చల్లించండి.

ముల్లు ఎర్రగీత తాకితే మాత్రం తడి వల్లేలే అనుకోకండి, బండి ఆపండి. పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూడండి. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు మొహానికి చిమ్ముతాయి.