డచ్ ‘బోటర్’: ఒక మాట ప్రయాణం

నెదర్లాండ్స్ ప్రజల డచ్ భాషలో వెన్నను ‘బోటర్’ అంటారు. ఇంగ్లీషు ‘బటర్’, జర్మన్ ‘బుటర్’ దీనికి తోబుట్టువులు. ఈనాటి ప్రసంగంలో ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు పరిశీలిద్దాం.

ఈ మూడు మాటలకూ మూలం లాటిన్ ‘బుటీరుమ్’. అది గ్రీకు ‘బూటీరోన్’ నుంచి వచ్చింది. గ్రీకులో ‘బూస్’ అంటే ఆవు, ‘టీరోస్’ అంటే చీజ్. రెండూ కలిస్తే ‘ఆవు చీజ్’. అయితే హిప్పోక్రటీస్ పేరిట ఉన్న వైద్య గ్రంథాల్లో సిథియన్లు గుర్రప్పాలను చిలికి దీనిని తీసేవారని ఉంది. అందువల్ల ఇది సిథియన్ల మాటే కావచ్చుననీ, గ్రీకులు దానిని తమకు అర్థమయ్యేలా మార్చుకొని ఉంటారనీ కొందరు పండితుల అభిప్రాయం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. గ్రీకులు, రోమన్లు వంటకు ఆలివ్ నూనె వాడేవారు. వెన్న వారికి ముఖ్యంగా మందు, పైపూత. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ దానిని అనాగరిక జాతుల ఆహారంగా పేర్కొన్నాడు. అంటే వెన్న తిన్నవారు ఉత్తరాదివారు. పేరు మాత్రం దక్షిణాది నుంచి అరువు తెచ్చుకున్నారు! వారి పాత మాట పూర్తిగా పోలేదు. స్విట్జర్లాండ్ జర్మన్ మాండలికాల్లో వెన్న ‘ఆంకె’. పూయడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘అంజ్’ దీనికి బంధువే. మన ‘అంజనం’, ‘అభ్యంజనం’ ఆ ధాతువు నుంచి పుట్టినవే.

ఇక వ్యాప్తి సంగతి. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ దక్షిణాఫ్రికాలోని కేప్ వద్ద స్థావరం ఏర్పరచింది. అక్కడ పెరిగిన ఆఫ్రికాన్స్ భాషలో నేటికీ వెన్న ‘బొటర్’. కానీ డచ్ వారు దీర్ఘకాలం పాలించిన ఇండోనేసియాలో వెన్న ‘మెంతెగా’. అది పోర్చుగీసు మాట. పాలన ఎవరిదైతే మాట వారిదే కావాలని లేదు.

17వ శతాబ్దం ఆరంభంలోనే డచ్ వర్తకులు మచిలీపట్నం వచ్చారు. అంతమాత్రాన మనం వాడే ‘బటర్’ డచ్ మాట కాదు. ఇంగ్లీషు నుంచి వచ్చింది. మన ‘వెన్న’ అచ్చమైన ద్రావిడ పదం. తమిళ ‘వెణ్ణెయ్’, కన్నడ ‘బెణ్ణె’ దాని తోబుట్టువులు. ‘వెణ్’ అంటే తెల్లని, ‘నెయ్’ అంటే నెయ్యి. గ్రీకుల మాటలాగే ఇదీ రెండు మాటల కలయికే.

కాబట్టి గుర్తుంచుకోండి: పదం పుట్టిన చోటే వస్తువు పుట్టిందని తీర్మానించరాదు. ధ్వని పోలిక ఒక్కటే చాలదు. చరిత్ర కూడా సాక్ష్యం చెప్పాలి. మీ వంటింట్లోని ఐదు మాటలను ఈ విధంగా పరిశీలించి చూడండి.