పక్కవారి ఆట తెలిసినవారు

లిలువా రైలుపెట్టెల ఊరు. ఇక్కడి వర్క్‌షాపులో బాగుపడి పట్టాలెక్కే బోగీ మీద ఏ ఫిట్టరు పేరూ, ఏ వెల్డరు పేరూ ఉండదు. ఈ రోజు మీరు అందుకుంటున్న పట్టా మీద మాత్రం మీ ఒక్కరి పేరే ఉంటుంది. పరీక్ష ఒక్కరే రాశారు కనుక అది న్యాయమే. అయితే రేపు మీరు చేరబోయే ఆఫీసులో, ఆస్పత్రిలో, ఫ్యాక్టరీలో ఏ పనీ ఒక్కరి చేతిమీదుగా పూర్తికాదు. పక్కవారి పని సులువయ్యేలా మన పని చేయడం కూడా ఒక విద్యే. అది మంచితనంతో దానంతటదే అబ్బదు, సాధన చేయాలి. ఇందుకు సాక్ష్యం ఎక్కడో వెతకనక్కర్లేదు. హుగ్లీ దాటితే కలకత్తా టెన్నిస్ చరిత్రలోనే దొరుకుతుంది.

నరేశ్ కుమార్ 1928లో లాహోర్‌లో పుట్టి కలకత్తాలో స్థిరపడ్డారు. 1950లలో మన డేవిస్ కప్ జట్టులో ఆడారు. వింబుల్డన్ డబుల్స్‌లో 1953, 1955, 1958లలో మూడుసార్లు క్వార్టర్ ఫైనల్ చేరారు. ఆట మానిన చాలా ఏళ్లకు జట్టుకు కెప్టెన్ అయ్యారు. డేవిస్ కప్‌లో ఈ కెప్టెన్ రాకెట్ పట్టడు. కోర్టు పక్కన కుర్చీలో కూర్చుని, ఆటగాళ్లు వైపులు మారే ఆ కాస్త విరామంలో నాలుగు మాటలు చెబుతాడు. 1990లో జైపూర్‌లో జపాన్ మీద పోటీకి ఆయన 16 ఏళ్ల కలకత్తా కుర్రాడు లియాండర్ పేస్‌ను తీసుకొచ్చి, జీషన్ అలీకి జోడీగా డబుల్స్‌లో దింపారు. చివరి సెట్ 18-16 దాకా సాగి మనవాళ్లు గెలిచారు. ఆ కుర్రాడు తర్వాత పురుషుల డబుల్స్‌లో 8, మిక్స్‌డ్‌లో 10 గ్రాండ్ స్లామ్ టైటిళ్లు గెలిచాడు. జీషన్ అదే డేవిస్ కప్ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన తండ్రి అఖ్తర్ అలీ కూడా దేశానికి ఆడి, ఆ తర్వాత కలకత్తాలో తరాల కొద్దీ పిల్లలకు ఆట నేర్పినవారే.

డబుల్స్ ఆడినవారికి కోచింగ్ ఎందుకు పట్టుబడుతుందో ఒక్క పాయింట్ గమనిస్తే తెలుస్తుంది. ఒకరు సర్వీస్ చేయబోతుంటారు. నెట్ దగ్గర నిలబడ్డ జోడీ చేయి వెనక్కి పెట్టి, అవతలివాళ్లకు కనబడకుండా, బంతి ఎటు వేయాలో, తాను అడ్డంగా దూకుతాడో లేదో వేళ్లతో సైగ చేస్తాడు. సర్వీస్ ఎంత జోరుగా పడిందన్నది ఒక్కటే ఇక్కడ లెక్క కాదు. దానికొచ్చే రిటర్న్ జోడీ వాలీకి అందేలా ఉందా అన్నదే అసలు లెక్క. అంటే తన దెబ్బ విలువను పక్కవాడి దెబ్బతో కొలుచుకోవాలి. జోడీకి ఏది చేతకాదో, ఎప్పుడు బెదురుతాడో తెలిసి, ఆ లోటు బయటపడకుండా ఆడాలి. కోచ్ పని ఇదే. తేడా అల్లా అతని చేతిలో రాకెట్ ఉండదు.

సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్లే డబుల్స్‌కి వస్తారని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. సానియా మీర్జా సింగిల్స్‌లో 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్లి, గాయాల వల్ల ఆ ఆట వదిలేయాల్సి వచ్చింది. కానీ 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు ఆమెను అక్కడికి చేర్చింది గాయం కాదు. ఒక దారి మూసుకుపోవడం వేరు, రెండో దారిలో అందరికన్నా ముందుండడం వేరు. లియాండర్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది సింగిల్స్‌లోనే. ఆయన డబుల్స్‌ను తలదాచుకునే చోటు అనగలమా?

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో. మన దేశంలో ఆయనను మించిన కోచ్ ఎవరని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం ఆయన కోచ్‌గా ఉండగా వచ్చినవే. అలాంటప్పుడు డబుల్స్‌కీ కోచింగ్‌కీ లంకె ఏమిటి? లంకె తప్పనిసరి అని నేను అనను. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర గోపీచంద్, గుత్తా జ్వాల ఇద్దరూ నేర్చుకున్నారు. డబుల్స్ ఆడిన జ్వాల 2011 ప్రపంచ పోటీల్లో అశ్వినీ పొన్నప్పతో కలిసి కాంస్యం గెలిచి, తర్వాత తానూ అకాడమీ పెట్టింది. జోడీగా ఆడినవారికి ఆ చూపు ఆటలో భాగంగానే అలవడుతుంది. ఒంటరిగా ఆడినవారు దాన్ని కోచ్ అయ్యాక పనిగట్టుకుని నేర్చుకోవాలి. ఇన్నేళ్లు ఒంటరిగా పరీక్షలు రాసిన మీరు రెండో కోవలో ఉన్నారు. గోపీచంద్ నేర్చుకోగలిగారు కనుక మీకూ సాధ్యమే.

పేరు మాత్రం ఆడినవాడికే పోతుంది కదా అని మీలో కొందరికి అనిపిస్తుండవచ్చు. పోతుంది. నరేశ్ కుమార్‌కు ద్రోణాచార్య పురస్కారం 2020లో వచ్చింది. అప్పటికి ఆయనకు 91 ఏళ్లు. జైపూర్ పోటీ ముగిసి 30 ఏళ్లు. గొప్పవాళ్లు పేరు ఆశించరని చెప్పి దీన్ని సమర్థించడం సరికాదు. నేర్పినవారిని ఆలస్యంగా గుర్తించే వ్యవస్థలో నేర్పేవారు తగ్గిపోతారు. ఆ నష్టం చివరికి ఆడేవారిదే. ఇది మారాల్సింది మీలాంటివారి చేతుల్లోనే. మీలో చాలామంది కొన్నేళ్లలో ఇతరుల పనికి మార్కులు వేసే కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు ఎవరు ఎంత చేశారని అడగడంతో సరిపెట్టకండి, ఎవరివల్ల ఇంకెవరి పని మెరుగైందో కూడా అడిగి రాసుకోండి. అంతకుముందు, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే, పక్క సీటులోని మనిషికి ఏ పని చేతికి వస్తుందో, ఏది కొరుకుడుపడదో తెలుసుకోండి. మీ పని మీకు క్షుణ్ణంగా వచ్చి ఉండాలన్నది మాత్రం మరవకండి. సొంత సర్వీస్ నిలబెట్టుకోలేనివాడు జోడీకి బరువే అవుతాడు.